అసిరి చుట్టిల్లు

దగ్గరికి జరుగు చిట్టీ. దుప్పటి కాళ్ళ దాకా లాక్కో. ఊఁ కొడుతూ వినాలి మరి. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది.

అనగనగా, సముద్రం గురక వినపడేంత దగ్గర్లో ఒక ఇసక ఊరు. ఆ ఊళ్ళో మగవాళ్ళు పడవలేసుకుని చేపల వేటకి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని సంతకి పోయేవాళ్ళు. అసిరి అనే అమ్మాయి మాత్రం ఊళ్ళోనే కూర్చుని వలలు అల్లేది.

అసిరికి పసితనంలో పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూపోతూ రెండు కాళ్ళలో సత్తువ పట్టుకుపోయింది. అప్పుడు వాళ్ళన్న ఎల్లాజీ ఆమెకి చక్రాల పీట చేయించాడు. పీట మీద కూర్చుని, రెండు చేతులతో నేలని వెనక్కి నెడితే, పీట ముందుకి దొర్లేది. ఊరి మధ్య ఎర్రకంకర బాట మీద అసిరి పోతూంటే కోళ్ళు కూడా తప్పుకునేవి. వలతాళ్ళు లాగి లాగి ఆమె చేతులు తెడ్లలాగా గట్టిపడ్డాయి.

మరి కష్టమేమిటంటావా? చెప్తాను, వినవే.

ఒకనాడు ఎల్లాజీ వేటలో ఉన్నాడు. వదిన గున్నమ్మ సంతలో ఉంది. అసిరి బాట మీద ఉండగా దబదబా వాన పట్టుకుంది. పీటని తోసుకుంటూ ఇంటి ముందుకి వచ్చింది. ఎదురుగా మూడు మెట్లు. మెట్ల మీద అరుగు. అరుగు దాటితే జానెడెత్తు గడప.

పాకి ఎక్కుదామని మెట్టు మీద చెయ్యి వేసింది. చెయ్యి జారింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. మూడోసారి గెడ్డం కొట్టుకుంది. లోపల పొడి చాప కనిపిస్తోంది. పొయ్యిలో నిప్పు కూడా కనిపిస్తోంది. అసిరి మాత్రం చూరు నీళ్ళ కింద వణుకుతూ కూర్చుంది, వదిన సంత నుంచి వచ్చేదాకా.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అసిరి అంది, "అన్నా, నాకొక ఇల్లు కావాల."

"ఏటే? ఇది నీ ఇల్లు కాదేటి?"

"నువ్వెత్తితేనే అన్నా నాకు ఇల్లు. నువ్వు వేటకెళ్తే నాకిల్లు నేదు."

ఎల్లాజీ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. గున్నమ్మ మాత్రం గరిటె పట్టుకుని లేచింది. "ఒలమ్మో! వదినతో పడలేక వేరు కుండ పెట్టుకుందని ఊరంతా నా మొహాన ఉమ్మేస్తారే!"

"నీ చేతి పులుసు కోసం రోజూ వస్తానొదినా. రానని ఎవరన్నారు?"

"అదీ సంగతి. కాపురం అక్కడ, కంచం ఇక్కడ!" అని గున్నమ్మ నవ్వేసింది.

ఎల్లాజీ నవ్వలేదు. కంచం పక్కకి జరిపాడు. అప్పుడు ఇలా అన్నాడు. "ఇంటెనక వలలారేసే జాగా ఉంది, తీసుకో. కట్టడానికి నేనూ వస్తాను. కానీ ఒక్కమాట. వానలు తగ్గే వేళకి తుపాన్లొస్తాయి. తొలి తుపానుకి నీ ఇల్లు నిలబడిందా, అది నీది, నేను నోరెత్తను. పడిపోయిందా, మా ఇంటికి తిరిగొచ్చీయాల. ఇంకెప్పుడూ ఇల్లూ ఇల్లూ అనకూడదు. నిన్ను మట్టికింద పెట్టుకోడానికి నేనిల్లు కట్టనే."

అది చెడ్డమాట కాదు చిట్టీ, భయపడ్డ మాట. అసిరికి ఆ సంగతి తెలుసు. "సరే అన్నా" అంది.

మర్నాడు సముద్రం వెనక్కి తగ్గిన వేళకి అసిరి ఒడ్డుకి పోయింది. తడి ఇసక పలకలాగా నున్నగా ఉంది. ఒక కర్ర తీసుకుని దాని మీద ఇల్లు గీసింది. బొమ్మ కాదు, నిజం ఇల్లంత ఇల్లు. ఇక్కడ మంచం, ఇక్కడ పొయ్యి, ఇక్కడ నీళ్ళకుండ. గీసి ఊరుకోలేదు, అందులో కాపురం చేసింది! దేకుతూ లోపలికి వెళ్ళి వంట చేసినట్టు చేసింది, పడుకున్నట్టు పడుకుంది.

మొదటి ఇల్లు అందరి ఇళ్ళలాగే నలుచదరంగా గీసింది. లోపలికి వెళ్ళింది గానీ వెనక్కి తిరగడానికి చోటు లేదు. వెనక్కి వెనక్కి జరిగి బయటపడాల్సి వచ్చింది. "ఇది ఇల్లు కాదు, ఎండ్రకాయ బొరియ" అనుకుంది. కెరటం వచ్చి చెరిపేసింది.

రెండోది పెద్దగా గీసింది. మంచం దగ్గర్నుంచి పొయ్యి దాకా దేకేసరికి మోచేతులు పీక్కుపోయాయి. పైగా అన్న వచ్చి చూసి, "ఇంత కప్పు వేస్తే గాలి దాన్ని తెరచాప అనుకుంటాదే" అన్నాడు. దాన్నీ కెరటం చెరిపేసింది.

అప్పుడు అసిరి కర్ర పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుంది. ఆ తర్వాత కర్ర చేత్తో చాచి పట్టుకుని, కూర్చున్నచోటే గుండ్రంగా తిరిగింది. ఇసక మీద సున్నా పడింది. కూర్చున్న మనిషి కర్ర చాచితే ఏది అందుతుందో అదంతా లోపల. అందనిదంతా బయట. ఆ గీతని ఆనుకుని ఒక పక్క మంచం, ఒక పక్క పొయ్యి, ఒక పక్క నీళ్ళు. మధ్యలో పీట గుండ్రంగా తిరగడానికి చోటు.

ఎల్లాజీ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఒలే, ఇది మన తాతల చుట్టిల్లే! గాలికి మూల దొరికితే పట్టుకుని పీకుతాది. గుండ్రంగా ఉంటే పట్టు దొరక్క జారిపోతాది." అని, కెరటం రాకముందే తాడుతో కొలత పట్టేశాడు.

అప్పుడు పని మొదలెట్టారు. ముందుగా నేల ఎత్తు చేశారు. తుపానంటే గాలి ఒక్కటే కాదుగా, నీళ్ళు కూడా వస్తాయి. అందుకని రాళ్ళూ మట్టీ పోసి దిమ్మిస కొట్టి, నడుమెత్తు దిబ్బ లేపారు. ఆ దిబ్బ మీద సరుగుడు కర్రలు గుండ్రంగా పాతారు. పాతే ముందు వాటి అడుగుల్ని నిప్పుల మీద నల్లగా కాల్చారు. అలా కాలిస్తే చెదపురుగు తొందరగా దగ్గరికి రాదు.

ఆ తర్వాత కర్రల మధ్య వెదురు బద్దలు అల్లాలి. ఆ పని అసిరిదే. వల అల్లే చేతులు కదూ, పిట్టగూడులాగా బిగించి అల్లేసింది. బంకమట్టిలో గడ్డి కలిపి తొక్కి, ఆ అల్లిక మీద మెత్తారు. ఎల్లాజీకి తొందరెక్కువ. ఒక వరస ఆరకుండానే పైన రెండో వరస వేసేశాడు. మధ్యాహ్నానికి గోడ పొట్ట ఉబ్బి, జారి, ఆయన పాదాల మీదే కూర్చుంది.

"పడవకి తారు పూసి ఆరకుండానే నీళ్ళలోకి తోస్తావేటి అన్నా?" అంది అసిరి.

"తొయ్యను."

"మరి గోడ చేసిన పాపమేటి?"

ఆయన జారిన మట్టిని మళ్ళీ తొక్కడం మొదలెట్టాడు. ఒక వరస ఆరాకే మరో వరస. గోడ నిదానంగా లేచింది, గట్టిగా లేచింది. గోడలోనే గూళ్ళు పెట్టారు, కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో. కప్పు తాటాకుది. చూరు బాగా కిందికి దించారు, గాలి దూరకుండా. కప్పు మీద అసిరి కొబ్బరితాడుతో పెద్ద వల అల్లి పరిచింది. వల అంచులకి గుండ్రాళ్ళు కట్టి వేలాడదీసింది. చూసినవాళ్ళు, "ఇల్లు కట్టావా, ఇంటిని పట్టావా?" అని నవ్వారు.

ఇప్పుడు నువ్వడగాలి చిట్టీ, దిబ్బ మీద ఇల్లు కడితే అసిరి ఎక్కడం ఎలాగని. అడిగావు, మంచి పిల్లవి.

మెట్లు వద్దు కదా, అందుకని ఏటవాలు దారి వేశారు. మొదటిది పొట్టిగా, నిటారుగా వచ్చింది. అసిరి సగం దాకా తోసుకుంటూ ఎక్కింది. అప్పుడు పీట సర్రున వెనక్కి జారి, ఆమెని తీసుకెళ్ళి గున్నమ్మ ఆరేసిన ఎండుచేపల మధ్య పడేసింది. "లేవకు లేవకు, నిన్ను కూడా తూకానికేస్తాను!" అంది గున్నమ్మ, పరుగెత్తుకొచ్చి లేవదీస్తూనే.

రెండోది పొడుగ్గా వేశారు. బాగానే ఎక్కింది. కానీ ఒక్క వాన పడేసరికి మట్టి కరిగింది, చక్రాలు కూరుకుపోయాయి.

మూడోది ఎలా వేశారో తెలుసా? నత్తగుల్ల చుట్టు చూశావుగా, అలాగ. గోడని ఆనుకుని, ఇంటి చుట్టూ తిరుగుతూ, ఎక్కుతున్నట్టే తెలియకుండా ఎక్కే దారి. దాని మీద తాటిమాను చీల్చిన బద్దలు పక్కపక్కనే పరిచారు. గోడ పొడుగునా లోపలి కర్రల్లోకి మేకులు దిగ్గొట్టి లావుపాటి తాడు కట్టారు. అసిరి ఒక చేత్తో తాడు పట్టుకుని, ఒక చేత్తో నెట్టుకుంటూ పైదాకా వెళ్ళింది. పీట వెనక్కి జారలేదు. పైన ఆగి చూస్తే, ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఎత్తకుండా అంత ఎత్తు నుంచి సముద్రాన్ని చూడటం అదే మొదలు. ఎంతసేపు చూసిందో, అన్నం వేళ కూడా మర్చిపోయింది.

ఇంక మిగిలింది తలుపు. వడ్రంగి దాలినాయుడు వచ్చాడు. పనిమంతుడే గానీ ఆచారం దగ్గర మహా పట్టింపు మనిషి. ద్వారబంధం కొలత చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఒలే గుంటా, ఇంత పొట్టి తలుపా? నా తల తగుల్తాది."

"నీ తలకి కాదు మావా, నా తలకి కడుతున్నాను."

"సరే, అదలా ఉంచు. గడప ఎంతెత్తు పెట్టమంటావు?"

"ఎత్తే వద్దు మావా. నేలతో సమంగా దించీ. పీట దాటాల కదా."

అప్పుడు దాలినాయుడు ఉలి కింద పెట్టేశాడు. "గడపంటే లచ్చిందేవి. పసుపు రాసి బొట్టు పెడతాం. కాలు కూడా ఆనించకుండా దాటతాం. నువ్వు దాన్ని నేలకి దించి, పైగా చక్రాలు ఎక్కించేస్తావా? నా చేత్తో ఆ పని చెయ్యను."

ఊళ్ళో వడ్రంగి ఆయనొక్కడే. తలుపు లేనిదే ఇల్లు కాదు. సముద్రం మీద మబ్బులు అప్పటికే నల్లబడుతున్నాయి. ఎల్లాజీ బతిమాలాడు, దాలినాయుడు కదల్లేదు. గున్నమ్మ దెబ్బలాడింది, అయినా కదల్లేదు.

అప్పుడు అసిరి నెమ్మదిగా అడిగింది. "మావా, మొన్న మీ మనవరాలు పాకుతూ గడప దాటిందంట కదా?"

"దాటింది! బంగారుతల్లి." దాలినాయుడి మొహం విచ్చుకుంది.

"గారెలు పంచారు. నాకూ రెండొచ్చాయి."

"పంచమా మరి? బిడ్డ గడప దాటితే గారెలు వండటం మన ఆచారం."

"పాకేటప్పుడు పిల్ల మోకాళ్ళు గడపకి ఆనేయా, నేదా?"

దాలినాయుడు ఆనేయని తలూపాడు.

"పాకే పిల్ల మోకాలు ఆనితే పండగ చేశారు. నడిచే కాళ్ళు లేని నా పీట ఆనితే పాపమా మావా? లచ్చిందేవికి ఇద్దరం పిల్లలమే కదా. గడప వద్దని నేనన్నానా? పసుపు రాస్తాను, ముగ్గేస్తాను. పిల్లలాగే దాటతాను."

పక్కనే దాలినాయుడి తల్లి సన్నాసమ్మ కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ. ఆమె పకపకా నవ్వింది. "ఒరే నాయుడూ, నువ్వు మనింటికి పెట్టిన గడప దాటలేక నేను రోజూ నాలుగు కాళ్ళ మీద పాకుతున్నాను. ఏనాడైనా నాకు గారెలెట్టావేట్రా?"

అందరూ గొల్లుమన్నారు. దాలినాయుడు కూడా నవ్వాడు. నవ్వి ఉలి చేతికి తీసుకున్నాడు. కానీ పనిమంతుడు కదా, ఇంకో సందేహం అడిగాడు. "గడప ఎత్తు లేకపోతే పురుగూ పుట్రా దూరతాయి కదే?"

"తలుపు అడుగున కొబ్బరిపీచు కుచ్చు ఒత్తుగా కడతాను. చీమ కూడా నన్నడిగి రావాల."

ఇంక ఆయన తలుపు పెట్టిన తీరు చూడాలి! గడప నేలలో ఒదిగిపోయింది, అరచేత్తో తడిమితే అంచు తగల్లేదు. తలుపు ఊరి వైపుకి, బయటికి తెరుచుకునేలా పెట్టాడు, లోపల చోటు తినెయ్యకుండా. గడియ కూర్చున్న మనిషి చేతికి అందేంత కిందికి దించాడు. అసిరి గడపకి పసుపు రాసింది, బొట్లు పెట్టింది, దండం పెట్టుకుంది. అప్పుడు పీట మీద కూర్చుని, చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళింది. గున్నమ్మ వాకిట్లోనే మూకుడు పెట్టి, ఊరందరికీ గారెలు వండి పంచింది.

ఏమే, నిద్రొస్తోందా? ఉండు, తుపాను రానీ.

గారెల వాసన ఇంకా పోలేదు, తుపాను రానే వచ్చింది. పట్టపగలే చీకటి కమ్మింది. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగేశారు. ఎల్లాజీ గాలికి ఎదురు నడుస్తూ వచ్చి తలుపు దగ్గర కేకేశాడు. "అసిరీ, మా ఇంటికి రా! ఎత్తుకుంటాను, రా!"

"రానన్నా. నువ్వు చెప్పిన తొలి తుపాను ఇదే. లోపలుండి చూడకపోతే నా ఇల్లెలాగవుతాది?"

ఆయన చెయ్యి చాచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అంతలో గాలి ఆయన్ని రెండడుగులు పక్కకి నెట్టేసింది. చేసేది లేక, తల వంచుకుని వెళ్ళాడు. అసిరి గడియ వేసుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకీ భయమే. వేసింది గడియే గానీ, చెయ్యి చాలాసేపు దాని మీదే ఉంది.

అప్పుడు గాలి వచ్చింది. గోడని తోసింది. మూల కోసం వెతికింది, మూల లేదు. చుట్టూ తిరిగి చుట్టూ తిరిగి జారిపోయింది. కప్పుని ఎత్తబోయింది. రాళ్ళు కట్టిన వల గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. దిబ్బ సగం దాకా ఎక్కాయి, ఎక్కలేక ఆగాయి. అసిరి ఒక చెయ్యి గోడకి ఆనించి కూర్చుంది. గోడ వణికింది, నిలబడింది.

ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చిట్టీ, అది తుపాను మోసం. దాని నడిబొడ్డు మన మీదికి వచ్చినప్పుడు అలా ఆగుతుంది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. ఆ సంగతి సముద్రం మీద బతికేవాళ్ళకి బాగా తెలుసు.

అసిరి తలుపు తీసి చూసింది. అన్న ఇంటి కప్పు లేదు. దాలినాయుడి ఇంటి కప్పు లేదు, ఒక మూల గోడ కూడా లేదు. నీళ్ళు తీసిన బురదలో ఎల్లాజీ, గున్నమ్మ చిన్నపిల్లల్లాగా చేతులు పట్టుకుని నిలబడ్డారు. మనవరాలినీ ఇంట్లో మిగతావాళ్ళనీ ముందే మెరకకి పంపేసి, నడవలేని తల్లి కోసం ఆగిపోయిన దాలినాయుడు, ఆమెని భుజాన వేసుకుని వస్తున్నాడు.

"ఇటు రండి! గాలి తిరిగి రాకముందే ఇటు రండి!" అని అసిరి అరిచింది.

వచ్చారు. ఏటవాలు దారి దగ్గరికి వచ్చి దాలినాయుడు ఎక్కబోయాడు. తడిసిన తాటిబద్దల మీద కాలు జర్రున జారింది. తల్లితో సహా కూలబడ్డాడు. ఎల్లాజీ ఎత్తబోయి తనూ జారాడు. దూరంగా, ఊరి వెనక తాటిచెట్లు అటు వంగినవి ఇటు వంగడం మొదలెట్టాయి.

అప్పుడు అసిరి పీట మీద కిందికి దిగింది. తాడు పట్టుకుని, సర్రుసర్రున, ఆగి ఆగి దిగింది. పీట తిప్పి అంది, "మామ్మా, నా వెనక కూర్చో. నడుం పట్టుకో. గట్టిగా!"

ముసలమ్మ కూర్చుంది. అసిరి రెండు చేతులతో తాడు అందుకుంది. వల నిండా చేపలు పడ్డప్పుడు ఎలా లాగుతారో అలా లాగింది. ఒక గుంజుకి పీట కదిలింది. ఇంకో గుంజుకి దారెక్కింది. గోడ చుట్టూ, తాడు పొడుగునా, ఇద్దరు మనుషుల బరువుతో అసిరి పైకి పోతూంటే, మిగతా ముగ్గురూ తాడు పట్టుకుని వెనకాలే పాకారు. పీట గడప మీదుగా చప్పుడు లేకుండా లోపలికి దొర్లింది. అంతవరకూ అందరూ ఎత్తుకున్న అసిరి, ఆ పూట ఒక మనిషిని మోసుకొచ్చింది.

దాలినాయుడు హడావిడిలో వంగడం మర్చిపోయి చూరుకి ఠంగున తల కొట్టుకున్నాడు. "అబ్బా!"

"చెప్పాను కదు మావా, నీ తలకి కట్టలేదని!"

ఆ భయంలో కూడా అందరూ నవ్వారు. గున్నమ్మ తలుపు లాగింది, అసిరి గడియ వేసింది. అప్పుడు గాలి ఊరి వైపు నుంచి తిరగబడి వచ్చి తలుపు సందులో వేళ్ళు దూర్చి గుంజింది. అసిరి గడియకి వలతాడు చుట్టి, మంచం కోడుకి బిగించి, వేటగాళ్ళ ముడి వేసింది. గాలి ఎంత గుంజితే ముడి అంత బిగిసింది. ఎంతసేపు గుంజిందో! చివరికి దానికే చేతులు నొప్పెట్టి, ఏడ్చుకుంటూ కొండల వైపు పోయింది.

అసిరి ముడి విప్పి తలుపు తీసింది. సాయంత్రపు ఎండ పచ్చగా లోపలికి వచ్చింది. ఎల్లాజీ బయటికి వెళ్ళి ఇంటి చుట్టూ తిరిగి చూశాడు. ఒకచోట మట్టి పెచ్చు ఊడింది, నాలుగు తాటాకులు లేచాయి. అంతే. గోడని అరచేత్తో నిమిరాడు. మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చాడు. అలవాటు కదా, చెల్లెలి ముందు వంగి రెండు చేతులూ చాచాడు.

"రాయే, ఇంటికెళ్దాం."

అసిరి ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. నవ్వింది.

"నేను ఇంట్లోనే ఉన్నానన్నా. తడిసిపోయారు, మీరే రండి లోపలికి. పొయ్యి అంటిస్తాను."

ఎల్లాజీ తల బాగా కిందికి వంచి, చుట్టమొచ్చినట్టుగా చెల్లెలి ఇంట్లోకి అడుగు పెట్టాడు.

ఏదీ, ఊఁ ఆగిందే? కళ్ళు మూతపడ్డాయా? సరే, పడనీ.

కథ వెళ్ళింది కంచికి,
గాలి వెళ్ళింది కొండకి,
అసిరి చేరింది ఇంటికి,
నిద్ర వచ్చింది కంటికి.